మోడల్ స్కూలు మంచిదే, నా గొడవంతా సాయంత్రం బస్సుతోనే

మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న మండల కేంద్రం. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు, ఊరి బయట సర్కారు మోడల్ స్కూలు, ఆడపిల్లలకు కస్తూర్బా హాస్టలు బడి. మూడింట్లోనూ మా పిల్లలే. పెద్దమ్మాయి ఆరో తరగతి నుంచి మోడల్ స్కూలు, బాబు జడ్పీ, మా ఆడపడుచు కూతురు కస్తూర్బా. పుస్తకాలు ఒకటే, పదో తరగతి పేపరు ఒకటే, ఫీజు ఎక్కడా లేదు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నా.

అమ్మాయికి ఎంట్రన్స్‌లో సీటు వచ్చినప్పుడు నేను వాడంతా చెప్పుకున్నాను. మిషన్ మీద బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ "మోడల్ స్కూల్లో వేయండి, ల్యాబ్ చూడండి, లైబ్రరీ చూడండి" అని ఊదరగొట్టాను. అందులో అబద్ధమేం లేదు. కానీ బడి మెయిన్ రోడ్డు నుంచి కిలోమీటరు లోపలికి, గుట్ట కింద ఉంది. రాష్ట్రంలో 194 మోడల్ స్కూళ్లున్నాయంటారు, నేను చూసిన నాలుగైదూ ఇలాగే ఊరి బయటే ఉన్నాయి. అంత స్థలం ఊరి మధ్యలో ఎక్కడ దొరుకుతుంది, అదీ నిజమే. పగలు వెళ్లి చూసి వచ్చేవాళ్లకు ఆ కిలోమీటరు ఒక లెక్క కాదు. నాకూ మొదటి నాలుగేళ్లు కాలేదు.

పదో తరగతిలో స్పెషల్ క్లాసులు మొదలయ్యాక తెలిసింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. మా అమ్మాయికి దాంతో కొత్తగా ఒరిగిందేమీ లేదు, పదో తరగతి దాకా ఆడపిల్లలకు పాసు ముందే ఫ్రీ. ఒరగకపోగా నష్టం వచ్చింది. అంతకు ముందు పిల్లలు చెయ్యెత్తితే ఆగే పల్లెవెలుగు ఇప్పుడు ఫుట్‌బోర్డు దాకా నిండి వస్తోంది. జనం లేక షేర్ ఆటోలవాళ్లు ఆ రూటే మానుకున్నారు.

జనవరిలో ఒకరోజు ఐదున్నరకు క్లాసు వదిలారు. తొమ్మిదిమంది ఆడపిల్లలు నడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చారు. బస్సు వచ్చింది, డ్రైవరు వెనక ఇంకోటి వస్తోందని చెయ్యూపుకుంటూ వెళ్లిపోయాడు. వెనక బస్సు అంటే ఏడు గంటలది. అక్కడ ఒక్క దుకాణం లేదు, లైటు లేదు, బడికి ఫోను తీసుకెళ్లనివ్వరు. ఇక్కడ నేను ఆరుకు ఒకసారి, ఆరున్నరకు ఒకసారి బస్టాండు దాకా వెళ్లి వచ్చాను. మా ఆయన నాట్ల పనిలో పొలం దగ్గర, బండి ఆయన దగ్గరే. ప్రిన్సిపల్‌కు చేస్తే పిల్లలు ఎప్పుడో వెళ్లిపోయారమ్మా అన్నారు. ఆ మాటతో ఉన్న ధైర్యం కూడా పోయింది.

ఏడు దాటాక మా సందు ముందు ట్రాక్టరు ఆగింది. ట్రక్కులో వరినారు కట్టలు, వాటి మీద మా పిల్ల, ఇంకో ఇద్దరు. మిగతావాళ్లు దారిలోనే దిగారట. మా వాడాయనే, నారు తెస్తూ పిల్లల్ని చూసి ఎక్కించుకున్నాడు. దాని చున్నీ మోకాళ్ల దాకా బురద. ఏదో జాతరకు వెళ్లొచ్చినట్టు నవ్వుతూ దిగింది. నాకు మాత్రం కాళ్లు వణుకుతున్నాయి, ఏడవాలో కొట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

మర్నాడు వెళ్లి అడిగితే క్లాసుల టైము మా చేతిలో లేదు, డిపోకు లెటరు పెట్టామన్నారు. ఆ లెటరు ఏమైందో ఇప్పటిదాకా తెలియదు. చివరికి తొమ్మిది ఇళ్లవాళ్లం కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నాం, నెలకు తలా ఆరొందలు, పరీక్షల దాకా. ఫీజు లేని బడికి మేం కట్టిన ఫీజు అది.

మరి జడ్పీ? ఇంటి నుంచి పది నిమిషాల నడక. వాడు నాలుగున్నరకల్లా ఇంటికొచ్చి బ్యాగు మంచం మీదికి విసిరేస్తాడు. ఆ చప్పుడు వినపడితే చాలు నాకు సగం టెన్షన్ పోతుంది. అలాగని అంతా బాగుందని చెప్పను. 2024లో ప్రమోషన్లు, బదిలీలు జరిగినప్పుడు ఫిజిక్స్ సారు వెళ్లిపోయారు, దసరా దాటి కొత్త డీఎస్సీ టీచరు వచ్చేదాకా ఆ పీరియడ్‌లో పిల్లలు క్రికెట్టే ఆడారు. ల్యాబ్‌కు తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో నేను రెండుసార్లు అడిగాను. కొత్తగా వచ్చిన మేడం మాత్రం చాలా బాగా చెప్తుందని వాడే అంటాడు. వాడు ఒకరిని మెచ్చుకోవడం అరుదు.

కస్తూర్బా గురించి నేను ఎక్కువ చెప్పలేను. హాస్టలు కాబట్టి దారి గొడవే లేదు. కాకపోతే పదో తరగతికి మార్కుల బదులు జీపీఏ (గ్రేడు పాయింట్లు) ఉన్న రోజుల్లో బాసర ట్రిపుల్ ఐటీ సీటుకు హాస్టల్ లేని సర్కారు బడుల పిల్లల జీపీఏకు 0.4 కలిపేవాళ్లు, కస్తూర్బా పిల్లకు అది రాదని తెలిసి మా ఆడపడుచు వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

మా అమ్మాయి పాసయ్యాక ఇంటర్ కూడా అక్కడే అని పట్టుబట్టింది. ఇంకో కాలేజీ చూద్దామంటే వినలేదు, ల్యాబు, మేడమ్‌లు, ఫ్రెండ్సు అంది. ట్రాక్టరు సంగతి ఇప్పటికీ దానికి జోకే. చేర్పించాం. మా ఆయన సెకండ్ హ్యాండ్ టీవీఎస్ ఇంకోటి కొన్నాడు, నేను నేర్చుకున్నాను కాబట్టి సరిపోయింది. బండి లేకపోతే ఒప్పుకునేదాన్ని కాదేమో.

మొన్న మా చెల్లెలు తన కూతుర్ని ఆరో తరగతికి ఎక్కడ వేయాలని అడిగింది. వాళ్లిల్లు బస్టాండుకు ఇటు పక్కన, మరిది హైదరాబాదులో పని. ఒకరోజు సాయంత్రం ఐదున్నరకు ఆ రోడ్డు మీద నిలబడి చూసి రా అన్నాను. వెళ్లలేదు. మోడల్ స్కూలు ఎంట్రన్స్‌కు అప్లికేషన్ మాత్రం నాతోనే నింపించింది.