కాలి బ్లాకులు కరిగిస్తామనే డ్రిప్పుల ప్యాకేజీకి డబ్బు కట్టకండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంట్లో పెద్దవాళ్లకు కాలినొప్పి ఉంటే ఇది తప్పకుండా చదవండి.

మా నాయనకు 64 ఏళ్లు. చాన్నాళ్లుగా షుగరు, బీడీలు. ఏటా అలిపిరి నుంచి 3550 మెట్లూ నడిచి ఎక్కేవాడు. నిరుడు గాలిగోపురం కూడా చేరలేదు. కొన్ని మెట్లెక్కేసరికి పిక్క పట్టేస్తుంది, కాసేపు నిలబడితే వదిలేస్తుంది. వయసులే అనుకున్నాం. కాలికి రక్తం తీసుకెళ్లే ధమని మూసుకుపోతుంటే నొప్పి అచ్చం ఇట్లాగే ఉంటుందని మాకు తెలీదు.

ఎవరో చెప్పారని ఒక సెంటర్‌కు తీసుకుపోయాను. కోత లేదు, స్టెంటు లేదు, 30 డ్రిప్పులతో బ్లాకులు కరిగిపోతాయన్నారు. కీలేషన్ అంట, అంటే ఒంట్లోని లోహాలను మందుతో పట్టి బయటికి పంపే డ్రిప్పు. 90 వేలు ముందే కట్టించుకున్నారు. చీలమండ దగ్గర నాడి కొట్టుకుంటోందా అని కూడా ఎవరూ చూడలేదు. పద్నాలుగో డ్రిప్పు నాటికి కాలివేలికి పుండు పడింది. చెడు బయటికి పోతోంది, మంచిదే అన్నారు. ఆ మాట నమ్మి మూడు వారాలు ఆగాను. అది తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

వేలు నల్లబడ్డాక రక్తనాళాల సర్జన్ దగ్గరికి పరుగెత్తాం. ఆయన ముందు చేతికీ చీలమండకీ బీపీ చూశారు. కాలి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వస్తే జబ్బున్నట్టే. నాయనకు 0.45. (షుగరువాళ్లకు నాళాలు గట్టిపడి ఈ లెక్క ఎక్కువగా కనిపించొచ్చు, అప్పుడు కాలివేలి దగ్గర చూస్తారు.) మూసుకున్న నాళాన్ని లోపల బెలూన్ ఉబ్బించి తెరిచే యాంజియోప్లాస్టీతో కాలు నిలిచింది. వేలు మాత్రం తీసేశారు.

ఆ డ్రిప్పులు కాలి బ్లాకులను తెరుస్తాయనడానికి ఆధారం లేదని, పైగా కిడ్నీలు దెబ్బతినొచ్చని ఆయన చెప్పారు. నడిస్తే నొప్పి అన్నప్పుడే వచ్చి ఉంటే బీడీ మానడం, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు, నొప్పి వచ్చేదాకా నడిచి ఆగి మళ్లీ నడిచే వ్యాయామం, వీటితోనే చాలామందికి సరిపోతుందట. సిలోస్టజాల్ అనే మాత్ర నడిచే దూరం పెంచుతుంది కానీ హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. యాంజియోప్లాస్టీ, బైపాస్ అనేవి ఈ మాత్రలు, వ్యాయామంతో తగ్గనివాళ్లకు, కూర్చున్నా నొప్పి, మానని పుండు ఉన్నవాళ్లకు.

సర్జికల్ షాపుల్లో రక్తప్రసరణకని అమ్మే బిగుతు సాక్సులూ డాక్టరును అడగకుండా కొనకండి. ఈ జబ్బులో అవి ఉన్న రక్తాన్నీ ఆపేయొచ్చు.

మిగిలిన 16 డ్రిప్పుల డబ్బు అడిగితే రసీదు వెనక సన్నటి అక్షరాలు చూపించారు, వాపసు ఇవ్వరట. మీవాళ్లు ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీలో ఉండి కాలికి పుండుంటే, కట్టిన డబ్బు పోతుందని ఆగకండి, రేపే సర్జన్‌కు చూపించండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి తెల్లబోతే రేపటిదాకా కూడా వద్దు, ఆ గంటలోనే బయల్దేరండి.