రైస్ మిల్లులో కూలింగ్ ప్యాడ్: రెండున్నరేళ్లు వాడాక

ల్యాప్‌టాప్ కింద పెట్టే ఈ ఫ్యాన్ల ప్యాడ్ కొనమని నేనే ఐదారుగురికి చెప్పాను. వాళ్లలో ఇద్దరు నాలాగే మిల్లుల్లో లెక్కలు రాసేవాళ్లు. ముఖ్యంగా వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. నా ల్యాప్‌టాప్ ఉండేది వేబ్రిడ్జి పక్క గదిలో. ఏప్రిల్ వచ్చిందంటే సాగర్ ఎడమ కాలువ కింది యాసంగి వడ్లన్నీ ఒక్కసారే దిగుతాయి, ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరుతాయి. గదిలో ఏసీ లేదు. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెడితే చురుక్కుమనేది. 1,100 రూపాయలు పెట్టి రెండు ఫ్యాన్ల ప్యాడ్ తెచ్చుకున్నాక ఆ మొదటి ఎండాకాలం నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాసెసర్ వేడి 12 డిగ్రీలు తగ్గింది. వెనక వైపు ఎత్తుగా ఉండడంతో మెడ నొప్పి కూడా తగ్గింది. అయితే ఆ 12 డిగ్రీలు నేను రాత్రిపూట ఇంట్లో, కూలర్ ముందు కూర్చొని చూసిన లెక్క. మిల్లులో మధ్యాహ్నం, బయట 43 ఉన్నప్పుడు చూస్తే తేడా ఐదు దాటలేదు. ప్యాడ్ గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే పైకి కొడుతుంది.

ఆ గాలిలో ఏముందో నేను ఆలోచించలేదు.

రెండో యాసంగిలో ఒకరోజు మధ్యాహ్నం, కాంటా మీద ట్రాక్టర్ ఉంది. బరువు, తేమ శాతం ఎక్కించి తక్‌పట్టీ (తూకం చీటీ) ప్రింట్ కొట్టబోతుంటే స్క్రీన్ నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే ఐదు నిమిషాలు నడిచి ఆగింది. మూడోసారీ అంతే. బయట ఒక పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చి, "సారూ, పొద్దుగాల ఆరింటికి వచ్చిన. పచ్చి వడ్లు, ఎండకు నిలబెడితే తూకం పోతది" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. తేమ ఆరినకొద్దీ బరువు తగ్గుతుంది, ఆ నష్టం రైతుదే. ఆయనను అలా నిలబెట్టినందుకు ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది. ఆ రోజు కార్బన్ పేపర్ పెట్టి రాత్రి పదకొండు దాకా చేత్తోనే రాసిచ్చాం.

నిజానికి నెల రోజుల ముందు నుంచే ఎక్సెల్ బాగా నెమ్మదించింది. వైరస్ అనుకున్నాను. వేడి 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ దిగకపోతే పాడవకుండా మొత్తం ఆపేస్తుంది. కింద ప్యాడ్ తిరుగుతూనే ఉంది కాబట్టి వేడి మీద నాకు అనుమానమే రాలేదు.

మరునాడు రిపేర్ షాపులో అబ్బాయి అడుగు మూత విప్పి చూసి, "అన్నా, మిల్లుల చేస్తవా?" అని అడిగాడు. లోపలి ఫ్యానుకూ, రాగి గొట్టం చివరనున్న సన్నటి రేకులకూ మధ్య వడ్ల నూగు పేరుకొని గట్టిపడింది. పట్టుకారుతో లాగితే కంబళి ముక్కలా ఒక్క పొరగా ఊడొచ్చింది. వేడి గాలి బయటికి పోయే దారి అదొక్కటే, అది పూర్తిగా మూసుకుపోయింది. నేను ప్యాడ్ సంగతి చెప్తే, "ఆ దుబ్బలో కింది నుంచి అది కొడుతుంటే లోపలిది గుంజుకుంటది" అన్నాడు. ఫ్యాను రెక్కలు వేలితో ఆపి పట్టుకొని బ్లోయర్ కొట్టాడు. అలా పట్టుకోకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుందట. ప్రాసెసర్ వేడిని రాగి గొట్టానికి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోతే, అది గీకి కొత్తది పెట్టాడు. 600 తీసుకున్నాడు. అంతకుముందు 97 చూపించిన పనికే ఆ సాయంత్రం 81 చూపించింది, అదీ ప్యాడ్ లేకుండా!

ప్యాడ్ పారేయలేదు. పాత దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి ప్యాడ్ అడుగున రబ్బరు బ్యాండ్లతో కట్టాను. గాలి కొంచెం తగ్గింది, కానీ శనివారం ఆ గుడ్డ విప్పి ఉతికితే నీళ్లు గోధుమ రంగులోకి మారుతాయి. ల్యాప్‌టాప్ రంధ్రాల మీద మాత్రం గుడ్డ కట్టకండి, ఊపిరాడదు. సీజన్‌లో మధ్యాహ్నం ప్యాడ్ ఫ్యాన్లు ఆపేసి ఉత్త స్టాండ్‌లా వాడుతున్నాను. దాంతోపాటు పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి దించాను. ప్రాసెసర్ మామూలు కన్నా వేగం పెంచుకునే టర్బో ఆగిపోయి వేడి ఇంకో పది డిగ్రీలు తగ్గింది. నా ఎక్సెల్ పనికి తేడా తెలియలేదు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు తెలుస్తుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ కనబడదు కూడా.

మా తమ్ముడు హైదరాబాద్‌లో రూములో ఇదే ప్యాడ్ మీద గేమ్స్ ఆడతాడు, వాడికి ఏ ఇబ్బందీ రాలేదు. కాబట్టి ప్యాడ్ చెడ్డదని నేను అనను. మిల్లు, పత్తి జిన్నింగ్, సిమెంట్ షాపు లాంటి చోట కూర్చునేవాళ్లు మాత్రం కొనేముందు ఆ 600 పెట్టి ఒకసారి లోపల శుభ్రం చేయించి చూడండి. చాలామందికి దాంతోనే సరిపోవచ్చు. నేనైతే వానాకాలం వడ్లు మొదలవకముందే, దసరాకు ముందు మళ్లీ విప్పిస్తాను.