మా మున్సిపాలిటీ చెత్త బండి: 5కి 3.5

ఊరి పేరు రాయను, ఏపీలో ఒక మామూలు మున్సిపాలిటీ. ఇంటింటికీ వచ్చే చెత్త బండి గురించి ఈ రివ్యూ.

బండితో వచ్చే అక్కకి మాత్రం 5కి 5. తడి, పొడి కలిపి ఇస్తే తీసుకోదు, మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేస్తుంది. ఎవరో తడి చెత్తలో పడేసిన డైపర్‌ని చేత్తో ఏరి ప్రమాదకర చెత్త వేసే ఎర్ర డబ్బాలో వేయడం చూశాను, కనీసం కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి బాబూ, ఆవిడా మనిషే.

మార్కులు ఎక్కడ పోయాయంటే, నగరాలకి శుభ్రతలో ర్యాంకులిచ్చే కేంద్రం సర్వే, స్వచ్ఛ సర్వేక్షణ్ టీమ్ వచ్చే రోజుల్లో తెల్లారేసరికి వీధిలో ఉండే బండి, సర్వే అయ్యాక రోజు విడిచి రోజు వస్తోంది. ఇంకా బాధేంటంటే మనం వేరుచేసి ఇచ్చినదంతా సందు చివర ట్రాక్టర్లో మళ్లీ ఒకటైపోతోంది.

అసలు మున్సిపాలిటీలు ఈ పని నెత్తికెత్తుకున్నదే పైనుంచి ఒత్తిడి వచ్చి. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ చెత్త సమస్య మీద సుప్రీంకోర్టుకి వెళ్తే 2000లో చెత్త మీద రూల్స్ వచ్చాయి, 2016లో కొత్త రూల్స్ పెట్టి ఇంట్లోనే వేరుచేయాలన్నారు, అదే ఏడాది 73 నగరాలతో స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు మొదలయ్యాయి. విశాఖ 2017లో 3వ ర్యాంకు తెచ్చుకుని 2019లో 23కి పడిపోయి, మరుసటి ఏడాదే 9కి ఎక్కింది. పక్క ఊరి ర్యాంకు పేపర్లో పడితే ఏ కమిషనర్‌కైనా టెన్షనే. దానికి తోడు కేంద్రం నిధుల పంపకాన్ని సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాల గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. ఇవన్నీ మంచివే, నాకు అభ్యంతరం లేదు. కానీ పైవాళ్లు అడిగేది ఏడాదికోసారి, బండి కావాల్సింది రోజూ.

2021 అక్టోబర్ 2న రాష్ట్ర ప్రభుత్వ క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం మొదలైనప్పుడు మూడు రంగుల డబ్బాలతోపాటు యూజర్ ఛార్జీ కూడా పెట్టారు. చెత్త పన్ను అని జనం తిట్టుకున్నారు, 2024లో తీసేశారు. పేదవాళ్ల మీద వేయడం తప్పే, అందులో అనుమానం లేదు. కాకపోతే డబ్బు కట్టిన రోజుల్లో బండి రాకపోతే మా వీధిలో ఆడవాళ్లే వార్డు సచివాలయానికి వెళ్లి నిలదీసేవాళ్లు, ఇప్పుడు ఎవరూ కదలట్లేదు. స్తోమత ఉన్న అపార్ట్‌మెంట్ల వరకైనా ఆ ఛార్జీ మళ్లీ పెట్టాలని నా అభిప్రాయం.

ఈలోగా ఆ ట్రాక్టర్ తొట్టి మధ్యలో ఒక అడ్డు రేకు బిగించండి, ఇంకో అర స్టార్ వేస్తాను.