పావన్, గాలియార్డ్
మొదటి ఎలిజబెత్ కాలపు ఇంగ్లండ్ కొలువులో ఈ రెండు నాట్యాలూ తరచు జంటగా వచ్చేవి. ముందు పావన్, వెంటనే గాలియార్డ్.

పావన్ ఊరేగింపు లాంటిది. ఎడమ కాలు ముందుకు, పక్కనే కుడి కాలు. తర్వాత కుడి, పక్కనే ఎడమ. ఆపైన మూడడుగులు నడిచి కాళ్లు కలపాలి. బరువైన గౌనులోనూ హాయిగా ఆడొచ్చు.

గాలియార్డ్‌కి దమ్ము కావాలి. నాలుగు లెక్కలు కాళ్లు మార్చి మార్చి గెంతుతూ ముందుకు విసరాలి, అయిదుకి పైకి ఎగరాలి, ఆరుకి ఒక కాలు ముందుపెట్టి తొణక్కుండా నిలవాలి. ఆ దిగడంలోనే ఆడేవాళ్ల సత్తా తెలిసిపోతుంది. 1589లో, 56 ఏళ్ల వయసులో, రాణి పొద్దున్నే ఆరేడు గాలియార్డులు ఆడేదట! కొత్తవాళ్లకి పావన్ మేలు. నా మనసు మాత్రం గాలియార్డ్ మీదే.