పాత ఇల్లు అమ్మకుండా బాగుచేసుకుంటూ ఉండిపోయాం: పదేళ్ళు దాటాక నా రివ్యూ

హైదరాబాద్ వనస్థలిపురంలో మాది 200 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు, మామగారు 1990ల్లో కట్టించారు. కింద మేము, పై పోర్షన్ అద్దెకి. పిల్లలు పెద్ద క్లాసులకి వచ్చినప్పుడు ఇది అమ్మేసి ఫ్లాట్ కొందామా లేక ఇదే బాగు చేయించుకుందామా అని ఇంట్లో నెలల తరబడి నడిచింది, చివరికి ఉండిపోయాం. ఇప్పుడు అదే డౌట్‌లో ఉన్నవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. ఫ్లాట్ 90 లక్షలు అన్నారంటే అది 90 కాదండీ. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షల 75 వేలు. ఇంకా కడుతున్న బిల్డింగ్ అయితే 5 శాతం జీఎస్టీ, ఇంకో నాలుగున్నర లక్షలు. 11 లక్షల పైచిలుకు పోతుంది, దాంతో ఒక్క కిటికీ కూడా రాదు. కప్‌బోర్డులు, కిచెన్ వుడ్‌వర్క్ మళ్ళీ మనమే చేయించుకోవాలి, తర్వాత నెలనెలా మెయింటెనెన్స్ ఎలాగూ ఉంటుంది. మా రిపేర్లకి ఇన్నేళ్ళలో విడతలు విడతలుగా పెట్టింది ఆ 11 లక్షలకి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది, అదీ పై పోర్షన్ అద్దెలోంచే చాలావరకు వెళ్ళిపోయింది. పాత ఇల్లు అమ్మి వేరే ఇల్లు కొంటే క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ (అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను) మినహాయింపు షరతులతో ఉంటుంది కాబట్టి టాక్స్ భయంతో మాత్రం ఆగొద్దు.

ఇక అసలు విషయం, నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఆధారపడాల్సింది దీని మీదే. రిపేర్ చేయగలిగేవి ఏవి, ఎంత డబ్బు పోసినా చేయలేనివి ఏవి అని ముందు విడదీసుకోవాలి. టైల్స్, వైరింగ్, పైపులు, తలుపులు ఇవన్నీ మార్చుకోవచ్చు. స్లాబ్‌లో కడ్డీ అంతా తుప్పు పట్టిపోతే కష్టం. మన గడప కంటే రోడ్డు ఎత్తయిపోతే ఇంకా కష్టం.

మా వంటింట్లో సీలింగ్ పెచ్చులు ఊడి కడ్డీ బయటపడింది. చూసినవాళ్ళంతా ఇల్లు అయిపోయింది అమ్మేయండి అన్నారు. మాకు దొరికిన మేస్త్రి పెద్దాయన, స్టూల్ వేసుకుని సుత్తితో సీలింగ్ అంతా తట్టుకుంటూ వెళ్ళాడు, గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల వదిలేసినచోట డొల్లగా మోగుతుంది, డొల్లగా ఉన్నచోటల్లా చాక్‌పీస్‌తో గుండ్రాలు గీశాడు. హాల్లో బెడ్రూముల్లో ఒక్క గుండ్రం కూడా పడలేదు, వంటింట్లో మాత్రం గోడ వారనే వరసగా పడ్డాయి, సరిగ్గా పై పోర్షన్ బాత్రూమ్ కింద. అమ్మా జబ్బు స్లాబ్‌ది కాదు, పైన పైపుది అన్నాడు. నిజంగానే పాత జీఐ (ఇనుప) పైపు గోడలోనే కుళ్ళిపోయి ఉంది. అది పీకేసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేయించి, తర్వాతే కింద డొల్ల కాంక్రీటు కొట్టేసి, కడ్డీని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, తుప్పు పట్టకుండా కోటింగ్ వేసి పాలిమర్ కలిపిన మాల్‌తో పూడ్చారు. చాలా ఇళ్ళల్లో దీని మీద లప్పం పెట్టి పెయింట్ కొట్టేస్తారు, లోపల కడ్డీ తుప్పుతో ఉబ్బుతూనే ఉంటుంది కాబట్టి వానాకాలం తిరిగేసరికి మళ్ళీ ఊడుతుంది. మా వంటిల్లు ఏళ్ళు గడిచినా చెక్కు చెదరలేదు.

రోడ్డు సంగతికొస్తే, కాలనీల్లో సీసీ రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేస్తారు, దీని గురించి నాకు చాలా బాధ, ఎంతమంది ఇళ్ళు ఇలా గుంటలో పడిపోయాయో. మామగారు పునాది మూడడుగులు లేపారు కాబట్టి మాకు ఇంకా అడుగున్నర మిగిలింది. 2020 అక్టోబర్ వానలకి నీళ్ళు గేటు దాటి మెట్టు దాకా వచ్చి ఆగాయి. చెరువు కింది కాలనీలో ఉన్న మా బంధువులకి హాల్లో మంచం మునిగింది, వాళ్ళు ఆ ముందు ఏడాదే మార్బుల్ వేయించారు పాపం.

వైరింగ్ మార్చడం మాత్రం నరకం. గోడలు చీల్చి ఏసీలకి 4 ఎస్‌క్యూ ఎంఎం వైరు, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే స్విచ్) అన్నీ కొత్తగా వేశారు, అన్నంలో కూడా దుమ్మే, అత్తయ్యకి దగ్గు పట్టుకుని మరిది వాళ్ళింటికి పంపాల్సి వచ్చింది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే ఆ పని అయ్యేదాకా బయట అద్దెకుండండి, ఆ అద్దె కూడా లెక్కలో వేసుకోండి.

లోటు లేదా అంటే ఉంది. కరెంట్ పోతే జనరేటర్ లేదు, ఇన్వర్టర్‌తో సరిపెట్టుకోవాలి, ఊరెళ్తే ఇల్లెవరు చూస్తారన్న బెంగ, రెండో కారుకి జాగా లేదు. పై పోర్షన్ ఎండాకాలం కాలిపోయేది, మేడ మీద తెల్ల కోటింగ్ వేయించాక అద్దెకున్నవాళ్ళే తేడా తెలుస్తోందన్నారు. అదే మేడ మీద ఇప్పుడు 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటున్నాం, కేంద్రం వాళ్ళ పీఎం సూర్య ఘర్ పథకం కింద 78 వేలు సబ్సిడీ. ఫ్లాట్‌లో ఉంటే పైకప్పు అందరిదీ, అసోసియేషన్ మీటింగుల్లో ఒప్పించేసరికే ఏళ్ళు పట్టేది.

ఇంటి అద్దె తప్ప వేరే ఆదాయం లేక రిపేర్లకి డబ్బు తీయలేనివాళ్ళు, ఆఫీసుకి రోజూ గచ్చిబౌలి దాకా వెళ్ళొచ్చేవాళ్ళు మారడమే మేలు, ఆ ప్రయాణాన్ని ఏ మేస్త్రీ బాగుచేయలేడు. మిగతావాళ్ళు ఫ్లాట్లు చూడ్డానికి వెళ్ళేముందు ఒక పూట మేస్త్రిని పిలిచి స్లాబ్ తట్టించండి, గేటు ముందు రోడ్డుకీ మీ గడపకీ ఎంత తేడా ఉందో టేపు పెట్టి కొలవండి. గడప కిందికి ఉంటే మాత్రం టైల్స్ మీద రూపాయి కూడా పెట్టకండి.