తరచూ వచ్చే నంబరా, ఇంకా రాని నంబరా?

తెలంగాణలో లాటరీ టికెట్లు అమ్మరు. అయినా అమీర్‌పేటలో మా బాబాయి దగ్గర లాటరీ నోట్‌బుక్ ఉంది. డల్లాస్‌లో ఉన్న కొడుకు పవర్‌బాల్ అనే అమెరికా లాటరీ ఆడతాడు, నంబర్లు మాత్రం ఇక్కడి నుంచి వెళ్లాలి.

ఎక్కువసార్లు వచ్చినవే మళ్లీ వస్తాయని బాబాయి నమ్మకం. ఇన్నాళ్లూ రానిది ఇక రాక తప్పదని పిన్ని పట్టు.

పక్కపక్కన పెట్టి చూస్తే బాబాయి వాదనలోనే కాస్త పస ఉంది. బంతుల బరువులో తేడా ఉంటే కొన్ని నంబర్లు నిజంగానే ఎక్కువ రావచ్చు. కానీ అది పట్టుకోవడానికి వంద డ్రాలు ఏ మూలకీ చాలవు. 69 తెల్ల బంతుల్లోంచి 5 తీస్తారు కాబట్టి 100 డ్రాల్లో ఒక్కో నంబరు సగటున 7 సార్లు వస్తుంది. ఏ తేడా లేకపోయినా ఒకటి 13 సార్లు, ఇంకొకటి 2 సార్లే రావడం మామూలే.

పిన్ని వాదనకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు. బంతికి జ్ఞాపకం ఉండదు కదా! పైగా ఆవిడ లెక్కలో 60 నుంచి 69 దాకా అన్నీ 'బాకీ' నంబర్లే. 2015 అక్టోబరుకు ముందు తెల్ల బంతులు 59 మాత్రమే. ఆ పాత డ్రాలు కూడా కలిపేసింది.

ఎవరి నంబర్లు రాసినా జాక్‌పాట్ అవకాశం 29,22,01,338లో ఒకటి. నన్నడిగితే 31 దాటినవి కొన్ని కలపమంటాను. చాలామంది పుట్టినరోజులు రాస్తారు కాబట్టి, తగిలితే పంచుకునేవాళ్లు తగ్గొచ్చు. తగిలే అవకాశం మాత్రం పెరగదు. ఆ మాట అనగానే బాబాయి ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు తన వైపు లాక్కున్నాడు.