ఇనప అడకత్తెర: పదునుకన్నా వక్క పెట్టే చోటే ముఖ్యం

సంతలో కమ్మరి చేసిన ఇనప అడకత్తెరను, పాత్రల దుకాణంలో దొరికే నగిషీల ఇత్తడి అడకత్తెరను పక్కపక్కన పెట్టి చూస్తే కొనాల్సింది మొదటిదే. మోటుగా ఉంటుంది గానీ పని చేస్తుంది.

అడకత్తెర రెండో రకం మీట. మామూలు కత్తెరకు శీల మధ్యలో ఉంటుంది. దీనికి ఒక కొసన ఉంటుంది. మధ్యలో వక్క, రెండో కొసన మన చెయ్యి. ఈ ఇనపదానికి శీల నుంచి చేతిపట్టు దాకా 16 సెం.మీ. వక్కను శీలకు 4 సెం.మీ. దూరంలో పెడితే చేతి బలం నాలుగింతలవుతుంది: 5 కిలోల నొక్కుడుకు వక్క మీద 20 కిలోలు పడతాయి. అదే నోటి కొసన, 6 సెం.మీ. దగ్గర పెడితే పడేది 13 కిలోలే. చాలామంది అక్కడే పెట్టి, పదును లేదని అడకత్తెరను తిడతారు.

అలాగని మరీ లోపలికి తోసినా కుదరదు. 2 సెం.మీ. లావున్న వక్క 3 సెం.మీ. దగ్గర పట్టాలంటే పిడులు దాదాపు 11 సెం.మీ. విచ్చుకోవాలి, చిన్న చేతికి అందదు. పైగా నోరు ఏటవాలుగా తెరుచుకుని వక్క ముందుకు జారుతుంది. అందుకే ముందు 4 సెం.మీ. దగ్గర రెండు చెక్కలు చేయాలి. తర్వాత చెక్కను బల్లపరుపు వైపు కిందికి తిప్పి, లోపలికి జరుపుకుంటూ పలుకులు తీయాలి. గట్టి వక్కయితే రాత్రంతా నానబెడితే సగం శ్రమ తగ్గుతుంది.

ఇత్తడిదానితో చిక్కు శీల దగ్గర. ఇత్తడి మెత్తన, రంధ్రం అరిగి పై దవడ పక్కకు ఊగుతుంది. అప్పుడు వక్క తెగదు, నలుగుతుంది, లేదా ఎగిరి పడుతుంది. సామెతలో పోకచెక్కకు తప్పించుకునే దారి లేదు గానీ, ఇందులో ఉంది!

కొనేటప్పుడు పిడులు పట్టుకుని పక్కలకు ఊపి చూడండి, కదలకూడదు. మూసి వెలుతురుకు ఎత్తితే అంచు పొడవునా సందు కనిపించకూడదు. పిడుల మధ్య మాత్రం వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే అరచేతి చర్మం నలుగుతుంది.

వక్క వగరుకు ఇనుము నల్లబడుతుంది, అది తుప్పు కాదు. కడగకుండా పొడిగుడ్డతో తుడిచి, శీల మీద ఒక చుక్క కొబ్బరినూనె వేస్తే చాలు. శీల వదులైతే దాన్ని గట్టి ఇనుము మీద ఆనించి సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేయాలి, ఎక్కువైతే బిగుసుకుపోతుంది. సాన పట్టేది వాలున్న వైపే.

వక్క నమలడం నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది కాబట్టి తినమని చెప్పడం లేదు. శొంఠి, వసకొమ్ము, అతిమధురం ముక్కలు చేయడానికీ ఇంట్లో ఇంతకన్నా సులువైన పనిముట్టు లేదు. కరక్కాయ మాత్రం పెట్టకండి, లోపలి గింజకు అంచు పెచ్చు ఊడుతుంది.